మా అక్క వేసిన ముద్ర

మా అక్కకు ఓటెందుకని మొదట అడిగినవాణ్ణి నేనే. తర్వాత చాలామంది అడిగారు. ఊరి కరణం అడిగాడు, ఉప్పు కొటారు గుమాస్తా అడిగాడు, మా చర్చిలో పెద్దలు అడిగారు. వాళ్ళందరికీ ఎదురు తిరిగి జవాబు చెప్పాను. ఇప్పుడెవరైనా అడిగినా చెబుతాను. కానీ ఆ ప్రశ్న మా ఇంట్లో, నా నోట్లోనే పుట్టిందని ముందుగా ఒప్పుకోకపోతే నా కోపంలో నిజం ఉండదు.

అక్క నాకంటే ఆరేళ్ళు పెద్దది. పుట్టగానే ఏడవలేదట. నడక ఆలస్యం, మాట ఆలస్యం. లెక్క చేతి వేళ్ళు దాటేది కాదు. మనిషి ఎదిగినా మనసు ఏడేళ్ళ పిల్ల దగ్గరే ఆగిపోయిందని ఊళ్ళో అనేవాళ్ళు. అది అబద్ధం. మా అమ్మ మోకాళ్ళ నొప్పి ఏ పూట ఎక్కువగా ఉందో ముఖం చూసి పసిగట్టి, అడక్కుండానే నీళ్ళ బిందె అందుకోవడం ఏడేళ్ళ పిల్ల చేసే పని కాదు. ఊళ్ళో ఆమెకు చాలా పేర్లుండేవి. మా నాన్న పెట్టిన పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. ఊరి పేర్లు ఇక్కడ రాయను. నాన్న పెట్టిన పేరూ రాయను. అది ఓటర్ల జాబితాలో ఉంది, చాలు.

మా ఊరు కోవూరుకు తూర్పున, కాలువకూ సముద్రానికీ మధ్య ఉంటుంది. వరి పండే నేల కాలువ అవతలే ఆగిపోతుంది. ఇవతల ఇసుక, సరుగుడు తోపులు, ఉప్పు కయ్యలు. కయ్యలు చాలామటుకు ఒక కామందువి. నాన్న జ్వరంతో పోయాక అమ్మా అక్కా ఆ కయ్యల్లోనే కూలి చేశారు. నేను ఎనిమిదో తరగతి దాకా చదివాను కాబట్టి నన్ను ఆయన ఉప్పు నిలవచేసే కొటారులో తూకం దగ్గర పెట్టారు.

అక్కకు అక్కడ సొంతంగా ఒక పని ఉండేది. కయ్యల నుంచి తీసిన ఉప్పును గట్టు మీద కుప్పలు పోస్తారు. పొద్దు కుంకే ముందు ఆ కుప్పను పలకతో తట్టి నున్నగా చేసి, తడి ఆరకముందే చుట్టూ ముద్ర కొట్టాలి. ముద్ర అంటే అరచేయంత కొయ్య. వెనక పిడి, ముందు చెక్కిన కామందు గుర్తు. అడుగు నుంచి కొస దాకా ఎక్కడా ఖాళీ వదలకూడదు. వదిలితే రాత్రికి అక్కడ చెయ్యి పెట్టి ఉప్పు తోడుకుపోతారు, తెల్లారి ఎవరికీ తెలియదు. ముద్రలన్నీ చెదరకుండా ఉంటే కుప్ప భద్రం. మిగతా కూలీలకు ఆ పని విసుగు. కనిపించే వైపు దట్టంగా కొట్టి, వెనకవైపు నాలుగు కొట్టి వెళ్ళిపోయేవాళ్ళు. అక్క మాత్రం కుప్ప చుట్టూ మోకాళ్ళ మీద తిరుగుతూ, ముద్ర పక్కన ముద్ర, నాలుక బయటపెట్టి, పూర్తయ్యేదాకా తల ఎత్తకుండా కొట్టేది. అందుకని కామందే ముద్ర కొయ్యను ఆమెకు అప్పజెప్పాడు. దాన్ని రాత్రి తలకింద పెట్టుకుని పడుకునేది.

యాభై ఏడులో పార్లమెంటు ఎన్నికలొచ్చాయి. అప్పటి పద్ధతి వేరు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో ఇనపపెట్టె, పెట్టె మీద అతని గుర్తు అంటించి ఉండేది. చేతికిచ్చిన కాగితం మీద ఏమీ రాయనక్కర్లేదు, ఏ గుర్తూ పెట్టనక్కర్లేదు. తడిక చాటుకు పోయి, కావలసిన పెట్టెలో వేసి రావడమే. కామందుకు ఒక అభ్యర్థి మీద మనసుంది. కొటారు మనుషులందరినీ బోర్డు స్కూలుకు తీసుకురమ్మని గుమాస్తాకు చెప్పాడు. మా ముగ్గురికీ ఓట్లున్నాయి. దారిలో అక్కకు నేను చెప్పింది ఒకటే: "త్రాసు బొమ్మ ఉండే పెట్టెలో ఏసెయ్యి."

ఆమె లోపలికి పోయి చాలాసేపటికి బయటికొచ్చింది. కాగితం చేతిలోనే ఉంది. నేరుగా నా దగ్గరికొచ్చింది.

"అన్నిటికీ తాళాలేసుండాయిరా. యాడ పెట్టాల?"

పెట్టె పైన చీలిక ఉంటుందని, అందులో దూర్చాలని నేను చెప్పలేదు. తప్పు నాది. కానీ అక్కడున్నవాళ్ళు నవ్వారు, గుమాస్తా అందరికంటే గట్టిగా నవ్వాడు. నాకు ముఖం చెల్లలేదు. "ఇటియ్యి" అన్నాను. ఆమె ఇవ్వలేదు. వేళ్ళు విడదీసి లాక్కున్నాను. ఆ కాగితం మీద ఎవరి గుర్తూ లేదు కాబట్టి ఎవరు వేసినా చెల్లుతుంది. గుమాస్తా చెయ్యి చాచాడు. ఇచ్చేశాను. అది కొటారు మనిషి ఒకడి పంచె మడతలో చేరి, వాడి కాగితంతోపాటు లోపలికి పోయి, త్రాసు పెట్టెలో పడింది. అలా బయటికొచ్చిన కాగితాలు ఆ రోజు అదొక్కటే కాదు. గుమాస్తా నా భుజం తట్టి, "తెలివైనోడివబ్బయా" అన్నాడు. నాకు సంతోషమైంది. ఈ ఒక్క మాట రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.

ఇంటికొచ్చాక అక్క అడిగింది.

"నా చీటీ యాడరా?"

"ఏసేసినారులే."

"ఎవురు? అది నాది గదా."

"నీకెందుకక్కా ఓటు? నీకేం తెలుసని?"

ఆమె ముద్ర కొయ్య తీసుకుని కయ్యలకు వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి అక్క నా చేతికి కాగితమన్నది ఇవ్వలేదు. చర్చిలో పిల్లలకిచ్చే రంగు బొమ్మల కార్డు ఆమెకూ ఒకటి ఇచ్చేవాళ్ళు. చూపించమంటే దూరంగా పట్టుకుని చూపించేది. కోవూరు బస్సులో తన టిక్కెట్టు తనే పట్టుకునేది. కండక్టరు అడిగితే ఇచ్చేది. నేను చెయ్యి చాస్తే పిడికిలి బిగించేది. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. ఒకసారి అమ్మ అంది: "దానికి పొద్దున తిన్నది మద్దేనానికి గుర్తుండదు. నువ్వు పెరుక్కున్నది మాత్రం మరవలా. నవ్వబాకరా."

ఆ మాట తర్వాత నవ్వలేదు. అయినా ఏమీ చెయ్యలేదు. పశ్చాత్తాపమంటే చర్చిలో మోకాళ్ళ మీద కూర్చుని కన్నీళ్ళు పెట్టుకోవడమేనని అనుకునేవాణ్ణి. అలా ఎన్నో ఆదివారాలు కూర్చున్నాను. పక్కనే అక్క కూర్చునేది. ఆమెకింకా బాప్తిస్మం కాలేదు. మా పద్ధతిలో బాప్తిస్మం తీసుకునేవాళ్ళను పాస్టరుగారు ముందు ప్రశ్నలడగాలి. పాపమంటే ఏమిటి, రక్షణ అంటే ఏమిటి అని. అక్క జవాబు చెప్పలేకపోయింది. ఇంకో ఏడాది చూద్దామన్నారు. ఆ ఏడాది ముగిసిందే లేదు. బాప్తిస్మమైనవాళ్ళకే ఇచ్చే ప్రభువు బల్ల రొట్టె పళ్ళెం ఆమె ముందుగా వచ్చి పక్కవాళ్ళకు పోయేది. ప్రశ్నలకు జవాబు చెప్పినవాణ్ణి నేను. పాపమంటే ఏమిటో గడగడా చెప్పాను. రొట్టె నాకు దొరికింది.

అరవై రెండు ఎన్నికలకు ముందు కరణం జాబితా సరిచూసుకుంటూ మా ఇంటికొచ్చాడు. అక్క గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. కరణం ఆమె వైపు చూసి గొంతు తగ్గించాడు.

"ఈ అమ్మి పేరు కొట్టేద్దామబ్బయా. మతి లేనోళ్ళకి ఓటు లేదని చట్టంలోనే ఉండాది."

సరేనందామనుకున్నాను. నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు అక్క తలెత్తింది.

"నా పేరుండాదా సామీ?"

కరణం నవ్వాడు. "ఉంటే ఏం జేస్తావు మే?"

"నా చీటీ నేనే ఏసుకుంటా."

నేను ఆమె వైపు చూడలేకపోయాను. "పేరు ఉండనీయండి. కోవూరు పోయి కనుక్కొని వస్తా" అన్నాను.

మర్నాడు తూకం మానేసి కోవూరు తాలూకా ఆఫీసుకు వెళ్ళాను. అరుగు మీద మధ్యాహ్నం దాకా కూర్చున్నాక ఒక డిప్యూటీ తాసిల్దారు విని చెప్పాడు: మతి స్థిమితం లేదని కోర్టు తీర్పు ఇచ్చిన మనిషికే ఓటు ఉండదు. ఊళ్ళో నలుగురూ అనుకున్నంత మాత్రాన పేరు తియ్యకూడదు. మళ్ళీ చెప్పమని అడిగి, దారంతా ఆ మాటలే అనుకుంటూ వచ్చి, నేరుగా కరణం ఇంటికి పోయాను.

"కోర్టు తీర్పు కావాలంటండి."

"ఊరంతా ఒకే మాట అంటాంటే ఇంక కోర్టెందుకబ్బయా?"

"అయితే ఊరంతా వచ్చి ఆ మాట కింద సంతకాలు పెట్టమనండి. ముందు మీరు పెట్టండి."

కరణం నన్ను కిందికీ పైకీ చూశాడు. ఎనిమిదో తరగతి చదివిన తూకం మనిషి అలా మాట్లాడటం ఆయన ఎప్పుడూ వినలేదు. నేనూ వినలేదు. పేరు ఉండిపోయింది.

ఈసారి పద్ధతి మారింది. పెట్టెలు వేరువేరుగా ఉండవు. అందరి గుర్తులూ ఒకే కాగితం మీద అచ్చువేసి ఇస్తారు. కావలసిన గుర్తు మీద రబ్బరు ముద్ర వేసి, మడిచి, పెట్టెలో వెయ్యాలి. అసెంబ్లీకొకటి, పార్లమెంటుకొకటి, రెండు కాగితాలు. ఈ సంగతి విన్నప్పుడు నాకు పట్టలేనంత సంతోషమైంది. ముద్ర వెయ్యడంలో మా అక్కను మించినవాళ్ళు ఈ తాలూకాలో ఎవరున్నారు?

వలలకు కట్టే బెండు ముక్కతో ఒక ముద్ర చెక్కాను. పాత క్యాలెండరు కాగితాల వెనక నాలుగు బొమ్మలు గీశాను: గొడుగు, సైకిలు, త్రాసు, ఒంటె. ఒంటె గాడిదలా వచ్చింది. మసి కలిపిన నూనెలో బెండు ముంచి అక్క చేతికిచ్చి, "ముద్ర ఎయ్యక్కా" అన్నాను.

ఆమె నాలుక బయటపెట్టింది. గొడుగు మీద వేసింది. సైకిలు మీద వేసింది. త్రాసు, ఒంటె. తర్వాత బొమ్మల మధ్య ఖాళీల్లో, తర్వాత అంచుల వెంట వేసింది. కాగితం తిప్పి, క్యాలెండరు మీద ఏసుప్రభువు గొర్రెపిల్లనెత్తుకున్న బొమ్మ మీద కూడా అంచు దాకా వేసి, తృప్తిగా నా వైపు చూసింది.

"ఒకదాని మీదే ఎయ్యాలక్కా."

"మిగతాది ఎత్తకపోతారు."

"ఎవురు?"

"దొంగోళ్ళు."

అమ్మ పొయ్యి దగ్గర నుంచి అంది: "అదేం తప్పు జెప్పిందిరా? ఉప్పుకి ఒక పక్క ఏసి ఇడిసిపెడితే నువ్వే గదా తిడతావు."

రెండు రోజులు చెప్పాను. మూడోరోజు సహనం పోయింది. ఆమె మణికట్టు పట్టుకుని చేతిని త్రాసు మీదికి లాగి, "ఈడ! ఈడొక్కచోటే!" అని నొక్కాను. ఎందుకు త్రాసు మీదే? నన్నెవరూ అడగలేదు. చెయ్యి దానంతటదే కామందు మెచ్చిన అభ్యర్థి గుర్తు మీదికి పోయింది. అక్క చెయ్యి గుంజుకుని కాగితాన్ని రొమ్ముకు అదుముకుంది. మసి రవిక నిండా అంటింది.

"మళ్ళా పెరుక్కుంటావా?"

లేచి బయటికి పోయాను. సరుగుడు తోపులో చాలాసేపు తిరిగాను. ఓటు వెయ్యడం నేర్పుతున్నానని ఊరికి చెబుతున్నాను. నేర్పుతున్నది నా ఓటు రెండోసారి ఆమె చేత వేయించుకోవడం. ఇందులో నాకూ గుమాస్తాకూ తేడా ఏముందో వెతికితే దొరకలేదు.

సాయంత్రం కయ్యలకు పోయి, ఆమె ముద్ర కొడుతుంటే గట్టు మీద కూర్చున్నాను. మా కయ్యల పక్కనే ఇంకో లైసెన్సుదారుడి కయ్యలున్నాయి. వాళ్ళ కుప్పలు మా కుప్పలకు పది గజాల దూరంలో ఉంటాయి. అక్క మా చివరి కుప్ప పూర్తి చేసి, చేతులు దులుపుకుని లేచింది. వాళ్ళ కుప్ప ఒకటి ముద్ర లేకుండా ఉంది.

"దానికి ఎయ్యవా అక్కా?"

"అది మనది గాదు గదా!" నా తెలివితక్కువతనానికి జాలిపడినట్టు చూసింది. "ఊరోళ్ళ కుప్పకి మనమెందుకేస్తాం?"

ఇంటికొచ్చి మళ్ళీ బొమ్మలు గీశాను. ఈసారి ఒక్కో బొమ్మ చుట్టూ కుప్పలాగా గీత గీశాను. "నాలుగూ నలుగురివి. నీకు నచ్చినోళ్ళ కుప్ప ఒకటే నీది. దానికే ముద్ర. మిగతాయి ఊరోళ్ళవి" అన్నాను. ఏది నచ్చాలో చెప్పలేదు. చెప్పకుండా ఉండటానికి నోరు గట్టిగా మూసుకోవాల్సొచ్చింది. ఎవరెవరు నిలబడ్డారో, ఎవరు ఏమిస్తామంటున్నారో మాత్రం, మంచినీళ్ళ బావి దగ్గర నుంచి ఆస్పత్రి దాకా, నాకు తెలిసినంత చెప్పాను. ఆమె బావి సంగతి రెండుసార్లు చెప్పించుకుంది. ఆ తర్వాత నన్ను అటు తిరగమంది.

నేను అటు తిరిగాను. వెనక టప్, టప్, టప్, టప్ మని చప్పుడు. తిరిగి చూస్తే ఒక్క గొడుగు మీదే నాలుగైదు ముద్రలున్నాయి. మిగతా మూడు తెల్లగా ఉన్నాయి. ఒకే గుర్తు మీద ఎన్నిసార్లు పడినా చెల్లుతుందని కోవూరు ఆఫీసులో మళ్ళీ అడిగి తెలుసుకున్నాను. అమ్మ చూసి, "ఇప్పుడు దొంగోళ్ళు ఎట్టా తీస్తారో చూస్తా" అంది.

ఇంకొకటి కూడా నేర్పాను. ఎక్కడ వేశావని ఎవరడిగినా చెప్పకూడదని. ఎవరైనా అంటే ఎవరైనా అని.

ఓట్ల రోజు అక్క తలకు నూనె పెట్టుకుని, క్రిస్మసుకు కట్టుకున్న చీర కట్టుకుంది. ఆడవాళ్ళ వరసలో మా పక్కింటి పెద్దమ్మ ముందు నిలబడింది. మగవాళ్ళ వరసలో నేను.

"ఏమ్మే, ఇంత సింగారం? పెళ్ళికా?" అంది పెద్దమ్మ.

"ఓటుకి."

"యాడ ఏస్తావో జెప్పవే, మేం గూడా ఆడనే ఏస్తాం."

"చెప్పను."

"అబ్బో! కలెక్టరమ్మ!" వరసంతా నవ్వింది. అక్క కూడా నవ్వింది.

మా ఇద్దరి వంతూ ఇంచుమించు ఒకేసారి వచ్చింది. లోపల ప్రిసైడింగ్ ఆఫీసరు గూడూరు వైపు నుంచి వచ్చిన హైస్కూలు మాస్టారు. అభ్యర్థుల ఏజెంట్ల బెంచీ మీద కొటారు గుమాస్తా కూర్చుని ఉన్నాడు. అక్కను చూడగానే లేచాడు.

"అయ్యా, ఈమెకి మతి లేదు. ఊరంతటికీ తెలుసు. ఈమె ఓటుకి మేం ఒప్పుకోం."

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని అక్కను చూశారు. కసురుకోలేదు, పిల్లనడిగినట్టు అడిగారు.

"ఏమ్మా, మన దేశానికి ప్రధానమంత్రి ఎవరో చెప్పు."

అక్క నా వైపు చూసింది. చర్చిలో పాస్టరుగారు ప్రశ్నలడిగిన రోజు కూడా అలాగే చూసింది. ఆ రోజు నేను పాటల పుస్తకంలోకి తల దించుకున్నాను.

"అయ్యా, ఈ ప్రశ్న అందర్నీ అడగతా ఉండారా, మా అక్కనొక్కదాన్నేనా?" అన్నాను.

"నువ్వెవరు?"

"ఆమె తమ్ముణ్ణి. నాకూ ఓటుండాది. నన్ను గూడా అడగండి. గుమాస్తా అన్నను గూడా అడగండి. ఆ వరసలో ఉండేవాళ్ళందర్నీ అడగండి. తెలీనోళ్ళని ఇంటికి పంపీయండి. మద్దేనానికి పెట్టెలు కట్టేసుకోని గూడూరు పోవచ్చు."

బయట వరసలోంచి పెద్దమ్మ కేకేసింది: "నన్నడగబాకండి సామీ! నాకు మా ఆయన పేరే నోటికి రాదు!"

వరస గొల్లుమంది. మాస్టారికీ నవ్వొచ్చింది, ఆపుకున్నారు. గుమాస్తాకు రాలేదు. "నువ్వు తూకం దగ్గర కూడు తింటాండేది ఎవురిదిరా?" అన్నాడు నాతో, మెల్లగా.

"కూడు తూకానిదన్నా. ఓటు మా అక్కది." మాస్టారి బల్ల వైపు తిరిగాను. "మతి లేదని కోర్టు తీర్పు ఉంటే చూపించమనండయ్యా" అన్నాను.

ఆయన తనకిచ్చిన నిబంధనల పుస్తకం తిరగేశారు. గుమాస్తా వైపు చూశారు. "తీర్పుందా?"

"ఊరంతా..."

"ఊరి సంగతి అడగలేదు. తీర్పుందా?"

లేదు. మాస్టారు అక్క వైపు తిరిగి, "నీ పేరేంటమ్మా?" అన్నారు. అక్క పేరు చెప్పింది. నాన్న పేరు చెప్పింది. అడగకపోయినా "చచ్చిపోయినాడు" అని కలిపింది. ఆయన తలూపారు. చట్టం అడిగిన ప్రశ్న అదొక్కటే. దానికి మా అక్క దగ్గర జవాబుంది.

వేలికి సిరా పెట్టారు. "కడిగితే పోదా?" అని అడిగింది. "చాలా రోజులు పోదమ్మా" అన్నారు. వేలు పైకెత్తి నాకు చూపించింది. రెండు కాగితాలూ తీసుకుంది. నేను ఒక అడుగు ముందుకేశాను. మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు.

"చూపు లేనివాళ్ళకైతే తోడు పంపిస్తాం. ఆమెకు కళ్ళున్నాయి, చేతులున్నాయి. నువ్విక్కడే ఉండు."

అక్క గోనెపట్టా మరుగుకు పోయింది. లోపల ఏ చప్పుడూ లేదు. కాగితం చేతిలో పట్టుకుని మళ్ళీ నా దగ్గరికొస్తుందేమోనని పట్టా వైపే చూస్తూ నిలబడ్డాను.

టప్.

కాసేపాగి, టప్, టప్, టప్, టప్.

గుమాస్తా తొడ చరుచుకున్నాడు. "ఉప్పు కుప్పనుకున్నాది! కాయితమంతా కొట్టి పారేస్తా ఉండాది! అయ్యా, ఆ ఓటు చెల్లదు, రాసుకోండి."

"తొంగి చూసినావా అన్నా?" అన్నాను.

"చూసేదెందుకు? చెవులుండాయి గదా."

"ఏ గుర్తు మీద పడిందో చెవులు జెప్పినాయా?"

మాస్టారు కలం కింద పెట్టారు. "ఏజెంటు గారూ, చూసి ఉంటే మిమ్మల్ని బయటికి పంపాలి. చూడకపోతే మాట్లాడకండి."

అక్క బయటికొచ్చింది. రెండు కాగితాలూ మడిచి ఉన్నాయి. నేను నేర్పినంత చక్కగా లేదు మడత, కానీ లోపలిది కనిపించడం లేదు. సిరా ఆరడానికి ఊదుతూ వచ్చింది. ఎవరి వైపూ చూడలేదు. పెట్టె పైన చీలిక ఎక్కడుందో వేలితో తడిమి, ఒకటి దూర్చింది. రెండోది పక్క పెట్టెలో దూర్చింది. చివర మిగిలిన అంచును కూడా వేలితో లోపలికి నెట్టింది. తర్వాత కుప్పను తట్టినట్టు పెట్టెను అరచేత్తో ఒకసారి తట్టి వెళ్ళిపోయింది.

నా ఓటు వేసి పరుగున బయటికొచ్చాను. స్కూలు గోడ నీడలో నిలబడి వేలు చూసుకుంటోంది.

"ఒక కుప్పకేనా అక్కా ఏసింది?"

"నువ్వే జెప్తివి గదా ఎవురికీ జెప్పగూడదని."

"నాకు జెప్పొచ్చులే."

"నీకసలు జెప్పను" అంది.

ఇంటిదాకా ఆమె ముందు నడిచింది, నేను వెనక నడిచాను.

అక్క ఓటు చెల్లిందో లేదో నాకు తెలియదు. ఎవరికి వేసిందో తెలియదు. గొడుగుకు వేసిందో, త్రాసుకే వేసిందో, నాలుగింటికీ కొట్టిందో. లెక్కపెట్టినప్పుడు మా వైపు చెల్లని కాగితాలు చాలానే వచ్చాయని విన్నాం. అందులో ఒకటి ఫలానా ఆమెదేనని గుమాస్తా ఊరంతా చెప్పాడు. అయి ఉండవచ్చు. మిగతావి ఎవరివి? అన్నీ మతి ఉన్నవాళ్ళవే. వాళ్ళలో ఒక్కరిని కూడా నీకు ఓటెందుకని ఎవరూ అడగలేదు. తప్పు వెయ్యడానికి వాళ్ళకున్న హక్కు మా అక్కకూ ఉంది.

కామందు నన్నేమీ అనలేదు. ఆయనకు ఎక్కడ కొట్టాలో తెలుసు. వారం తిరక్కుండా గుమాస్తా మా ఇంటికొచ్చి ముద్ర కొయ్య ఇచ్చెయ్యమన్నాడు. అక్క దిండు కింద నుంచి తీసి ఇచ్చింది. అప్పుడు నేను అడ్డం పోలేదు. పోవాల్సింది. పోలింగు దగ్గర అంత మాట్లాడినవాణ్ణి, సొంత గుమ్మంలో నీళ్ళు నమిలాను. తూకం పని పోతుందని భయం. అక్క కోసం నిలబడ్డానని చెప్పుకునేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పాలి.

ముద్ర ఇంకొకతనికిచ్చారు. అక్క మాత్రం రోజూలాగే సాయంత్రం కయ్యలకు పోయేది. అతను కొట్టి వెళ్ళిపోయాక కుప్ప వెనకవైపు, అతను ఖాళీ వదిలినచోటల్లా అరచెయ్యి తడిపి అద్దేది. తెల్లారేసరికి ఉప్పు మీద ఐదు వేళ్ళూ గట్టిపడి ఉండేవి. గుమాస్తా మండిపడ్డాడు. కానీ ఏం చేస్తాడు? ఆ చేతి గుర్తులు చెరపాలంటే పక్కనున్న ముద్రలు చెదురుతాయి. ముద్ర చెదిరితే కుప్ప ఎవరో కదిపినట్టే లెక్క, దానికి జవాబు తనే చెప్పుకోవాలి. అందుకని కామందు ఉప్పంతా మా అక్క చేతి గుర్తులతోనే బండ్లకెక్కింది. తూకం దగ్గర ఆ పెళ్ళలు నా ముందుకొచ్చినప్పుడు వెంటనే చితక్కొట్టనిచ్చేవాణ్ణి కాదు. ఒకసారి చూసి, తర్వాత తూచేవాణ్ణి.

ఐదేళ్ళకు మళ్ళీ ఓట్లొచ్చాయి. అప్పటికి అమ్మ లేదు. సముద్రపు ఒడ్డునున్న పాలెంలో చేపలు పట్టేవాళ్ళ ఇంట అక్కలాంటి మనిషి ఒకడున్నాడు, ముప్పై ఏళ్ళవాడు. వాళ్ళమ్మ మా ఇంటికొచ్చి, "నీ అక్కకి జెప్పినట్టు నా కొడుక్కీ జెప్పు నాయనా" అంది. నేను చెప్పబోతే అక్క నన్ను పక్కకు నెట్టింది. బెండు ముక్క తనే తీసుకుని వాడికి చూపించింది. "నీ కుప్ప ఒకటే. ఊరోళ్ళది ముట్టుకోబాక." వాడు రెండు పూటల్లో నేర్చుకున్నాడు. కాలువ అవతల వరి సాగు చేసే ఒక ఇంట్లో అలాంటి కూతురే ఉందని తెలిసి అక్కడికీ వెళ్ళాను. ఇంటి పెద్దాయన మజ్జిగిచ్చి, మర్యాదగా మాట్లాడి, అలాంటి పిల్ల తమ ఇంట్లో లేదని చెప్పాడు. లోపల గదిలోంచి ఎవరో గొణుగుతూ పాడుకోవడం వినిపిస్తూనే ఉంది. ఆయన కళ్ళలోకి చూశాను. యాభై ఏడులో నా కళ్ళు ఎలా ఉండేవో తెలిసింది. మళ్ళీ వస్తానని చెప్పి లేచాను. మళ్ళీ వెళ్ళాను కూడా. ఆ ఏడాది తలుపు తెరుచుకోలేదు.

ఓట్ల రోజు అక్కా, పాలెం అతనూ, వాళ్ళమ్మా, నేనూ కలిసి బోర్డు స్కూలుకు నడిచాం. ఎవరూ అడ్డం చెప్పలేదు. గుమాస్తా తల తిప్పుకున్నాడు. స్కూలు గేటు దగ్గర అక్క ఆగి, నా ముందు ఇసుకలో కాలి బొటనవేలితో అడ్డంగా ఒక గీత గీసింది.

"నువ్వీడనే ఉండు. నీది తర్వాత ఏసుకో."

పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఈసారి నాకు ముఖం చెల్లకపోవడమేమీ లేదు. ఆమె లోపలికి పోయి, వచ్చి, సిరా పెట్టిన వేలు నా ముఖం ముందు ఆడించేదాకా ఆ గీత దాటలేదు.